ఒకే నేపియర్ గడ్డి, రెండు రకాల నీళ్లు: బోరు కింద భాస్వరం తక్కువ, చెరువు కింద కాల్షియం తక్కువ. ఎందుకు?

చెల్క_పర్వతగిరి
అందరికీ నమస్తే. బర్లకు మేపే సూపర్ నేపియర్ గడ్డి రెండు చోట్ల ఉన్నది. ఒకటి బోరు కింద ఎర్ర చెల్కల, ఇంకోటి చెరువు కింద వరి మళ్ల పక్కన నల్లమట్టిల. ముక్కలు ఒకే దగ్గర తెచ్చినవి, రెండూ 45 రోజుల కోత, ఎరువు ఒకటే. మే నెల కోతవి పరీక్షకు పంపితే ఎండు పదార్థం లెక్కన ఇట్ల వచ్చింది:

బోరు చెల్క: కాల్షియం 0.52 శాతం, భాస్వరం 0.14, మెగ్నీషియం 0.24, పొటాషియం 1.6. జింకు 24 పీపీఎం (కిలోకు మిల్లీగ్రాములు), రాగి 7, ఇనుము 210, మాంగనీస్ 48.

చెరువు కింద: కాల్షియం 0.31, భాస్వరం 0.27, మెగ్నీషియం 0.19, పొటాషియం 2.7. జింకు 19, రాగి 5, ఇనుము 640, మాంగనీస్ 165.

నీళ్లు తప్ప వేరే తేడా లేదు. బోరు కింద పది రోజులకొక తడి పారిస్తం. చెరువు కింద పక్క మళ్ల ఊటతోనే ఎప్పుడూ తడిగ ఉంటది. ఊర్ల అందరూ "నీళ్లెక్కువైతే గడ్డిల సత్తువ కొట్టుకపోతది" అంటరు. నిజమేనా? రెండు గడ్లకూ ఒకటే మినరల్ మిక్చర్ పెట్టొచ్చా?

మట్టి_మాట
ముందు ఒక సవరణ. నీళ్లు తప్ప తేడా లేదన్నారు, కానీ నేలే వేరు. నల్లమట్టిలో పొటాష్ సహజంగానే ఎక్కువ, చెల్కలో తక్కువ. కాబట్టి 2.7కి 1.6కి మధ్య తేడా మొత్తం నీళ్ల మీద వేయకండి. మిగతా అంకెల్లో మాత్రం నీటి జాడ బాగానే కనిపిస్తోంది.

"కొట్టుకపోతది" అన్నది నత్రజని విషయంలో, గంధకం విషయంలో కొంత నిజం. ఇసుక పాలు ఎక్కువున్న చెల్కలో ఒకేసారి నిండా పారిస్తే నైట్రేటు, సల్ఫేటు వేళ్లు దాటి కిందికి దిగిపోతాయి. భాస్వరం అలా కదలదు. అది మట్టి రేణువులకు అంటుకుని ఉంటుంది. వేరు చుట్టూ ఉన్న పలుచని నీటి పొరలోంచి కొన్ని మిల్లీమీటర్ల దూరం మాత్రమే జరిగి వేరుకు చేరుతుంది. మట్టి ఎండితే ఆ నీటి పొర తెగుతుంది, భాస్వరం ఉన్నచోటే ఆగిపోతుంది. పొటాష్ కూడా ఎక్కువ భాగం ఇదే దారిలో వస్తుంది.

కాల్షియం, మెగ్నీషియంల దారి వేరు. మొక్క నీళ్లు తాగుతుంటే ఆ నీళ్లతోపాటే వేరు దాకా కొట్టుకొస్తాయి. బోరు నీళ్లలో అవి ముందే కరిగి ఉంటాయి కూడా.

డీఏపీ (భాస్వరం ఎరువు) పైన చల్లితే భాస్వరం పై రెండంగుళాల మట్టిలోనే ఉండిపోతుంది. మే ఎండకు మొదట ఎండేది ఆ పొరే. నేపియర్ వేళ్లు లోతుకు పోతాయి కనుక కింది తడి తాగి పచ్చగానే నిలబడుతుంది. దానికి నీళ్లు అందుతాయి, కాల్షియం అందుతుంది, భాస్వరం అందదు. చూడ్డానికి గడ్డి బాగుంటుంది, రిపోర్టులో 0.14 వస్తుంది. మీ బోరు గడ్డి కథ ఇదే అని నా అంచనా.

బోరుబావి_నర్సంపేట
పది రోజుల తడి అంటే చెల్కకు మే నెలల చాలా దూరం అన్నా. లెక్క చూడు.

చెల్కల వేళ్లు ఎక్కువగ ఉండే అడుగున్నర లోతు అంటే 45 సెంటీమీటర్లు. అందుల మొక్కకు పనికొచ్చే నీళ్లు సుమారు 45 మిల్లీమీటర్లు. అందుల సగం పోంగనే మళ్ల తడి ఇయ్యాలె, అంటే 22 మిల్లీమీటర్లు. మేల ఎదిగిన నేపియర్ రోజుకు 7, 8 మిల్లీమీటర్లు తాగుతది. మూడు రోజులల్ల ఆ సగం అయిపోతది. నాలుగో రోజు నుంచి పదో రోజు దాక పైమట్టి దుమ్మే. నల్లమట్టి దాదాపు రెండింతల నీళ్లు పట్టుకుంటది, అక్కడ వారం దాక ఆగొచ్చు.

ఎన్ని నీళ్లు పోతున్నయో తెల్వకపోతే 200 లీటర్ల డ్రమ్ము మోటరు పైపు కింద పెట్టి టైం చూడాలె. నిమిషంల నిండితే గంటకు 12,000 లీటర్లు. పది గుంటలంటే సుమారు 1,010 చదరపు మీటర్లు. 30 మిల్లీమీటర్ల తడికి 30,000 లీటర్ల పైన కావాలె, అంటే రెండున్నర గంటలు. పది రోజులకొకపారి ఐదు గంటలు పారిచ్చే బదులు ఐదు రోజులకొకపారి రెండున్నర గంటలు పారియ్యు. కరెంటు అదే, నీళ్లు అవే.

డ్రిప్పు ఉంటే ఇంకా మంచిది. లేటరల్ (డ్రిప్పు పైపు) నాలుగడుగులకు (1.2 మీటర్లు), డ్రిప్పర్లు 40 సెంటీమీటర్లకు, గంటకు 4 లీటర్లవి అయితే గంటకు 8 మిల్లీమీటర్ల పైన పడ్తది. రోజుకు 50 నిమిషాలు చాలు. సున్నపు నీళ్లయితే డ్రిప్పర్లు మూసుకుంటయి, ఆసిడ్ ట్రీట్‌మెంట్ తప్పదు.

పశువైద్యం_హన్మకొండ
మిక్చర్ సంగతి. రెండింటికీ ఒకే మోతాదు సరిపోదు. రోజుకు 8 లీటర్లిచ్చే బర్రె 35 కిలోల పచ్చిగడ్డి తింటుందనుకుందాం. 18 శాతం ఎండు పదార్థం చొప్పున 6.3 కిలోలు.

బోరు గడ్డితో కాల్షియం 33 గ్రాములు, భాస్వరం 9 గ్రాముల లోపు. చెరువు గడ్డితో కాల్షియం 19.5, భాస్వరం 17.

ఇప్పుడు దాణా కలపండి. మన దగ్గర బర్రెకు వరి తవుడు పడని రోజు ఉండదు. రెండు కిలోల తవుడులో 25 గ్రాములకు పైనే భాస్వరం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఫైటేటు (గింజలు భాస్వరాన్ని దాచుకునే రూపం)గా ఉన్నా, నెమరేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొడతాయి. కోళ్ల విషయంలో అలా కాదు. అంటే బోరు గడ్డిలోని భాస్వరం లోటును తవుడే చాలావరకు పూడుస్తుంది. తవుడులో కాల్షియం మాత్రం నామమాత్రం. చెరువు గడ్డి, తవుడు, పైన వరిగడ్డి అయితే కాల్షియం అడుగంటుతుంది, భాస్వరం దాన్ని మించిపోతుంది. ఈనిన మొదటి రోజుల్లో పాలజ్వరం వచ్చే మేత ఇలాంటిదే.

పైగా నేపియర్‌లో ఆక్సలేటు ఉంటుంది. అది కాల్షియంను పట్టేసి కరగని ఉప్పుగా మారుస్తుంది. రిపోర్టులో కనిపించే కాల్షియం అంతా పశువుకు అందదు. ఎప్పుడూ తడి, పైన యూరియా, లేత కోత – ఈ మూడూ కలిస్తే ఆక్సలేటు పెరుగుతుంది. చెరువు గడ్డిని 45 రోజుల కంటే ముందు కోయకండి.

చెరువు గడ్డి మేపే బర్రెకు 50 గ్రాముల మిక్చర్‌తోపాటు సున్నపురాయి పొడి 30 గ్రాములు. అందులో 38 శాతం కాల్షియం ఉంటుంది, అంటే 11 గ్రాములు. మేత గ్రేడు పొడి కొనండి, గోడలకు వేసే సున్నం కాదు. బోరు గడ్డి మేపే బర్రెకు 50 గ్రాముల మిక్చర్ చాలు, డబ్బా మీద భాస్వరం 12 శాతం ఉందో లేదో చూసుకోండి. తవుడు పెట్టని ఒట్టిపోయిన పశువులకూ పడ్డలకూ మాత్రం బోరు గడ్డి ఒక్కటే సరిపోదు. గుడ్డలు నమలడం, ఎముకలు కొరకడం, మట్టి నాకడం కనిపిస్తే మొదట భాస్వరాన్నే అనుమానించండి. ఈనిన నెలలోపు బర్రెకు కాఫీ రంగు మూత్రం వస్తే భాస్వరం లోపం కావచ్చు, బెబీసియా (పిడుదుల వల్ల వచ్చే రక్త పరాన్నజీవి జబ్బు) కూడా కావచ్చు. రక్తపు స్లైడు చూడకుండా మందు వేయించవద్దు.

గడ్డికోత_హుజూరాబాద్
ఒక సందేహం సార్. నీళ్లు పెడితే భాస్వరం పెరుగుతదన్నరు, మరి జింకు, రాగి ఎందుకు తగ్గినయి? నీళ్లు బాగ ఉన్నకాడనే రెండూ తక్కువున్నయి కద.

మట్టి_మాట
రెండు కారణాలున్నాయి, విడిగా చూడాలి.

ఒకటి పలచబడటం. ఉదాహరణకు, నీళ్లు చాలని చోట కోతకు ఎకరానికి 800 కిలోల ఎండు పదార్థం వచ్చి జింకు 32 పీపీఎం ఉందనుకోండి. నేల నుంచి తీసుకున్నది 25.6 గ్రాములు. నీళ్లు పెట్టాక 2,000 కిలోలు వచ్చి జింకు 22కి పడిందనుకోండి. తీసుకున్నది 44 గ్రాములు. మొక్క ఎక్కువే తీసుకుంది, గడ్డి అంతకంటే ఎక్కువ పెరిగింది. పశువుకు లెక్క పీపీఎం, ఎందుకంటే దాని కడుపు పట్టేది అంతే. నేలకు లెక్క గ్రాములు. రిపోర్టు పక్కన దిగుబడి రాయకపోతే ఏది జరిగిందో చెప్పలేం.

రెండోది నీరు నిలవడం. మట్టి రంధ్రాల్లో గాలి లేకపోతే సూక్ష్మజీవులు మొదట నైట్రేటును, తర్వాత మాంగనీసును, ఆ తర్వాత ఇనుమును వాడుకుంటాయి. మాంగనీస్, ఇనుము కరిగే రూపానికి వచ్చి మొక్కలోకి ఎక్కువగా పోతాయి. ఇనుము పట్టుకుని ఉన్న భాస్వరం కూడా విడుదలవుతుంది, 0.27లో దాని వాటా ఉంది. జింకు, రాగి మాత్రం అదే నేలలో బిగుసుకుపోతాయి. వరికి జింకు లోపం ఎందుకు వస్తుందో ఈ గడ్డికీ అందుకే.

ఇనుము 640లో కొంత మట్టి అంటుకున్నది కావచ్చు. మాంగనీస్ 165 మాత్రం మట్టి అంటుకుంటే వచ్చేది కాదు, అది ఊట నేల పనే. తేల్చుకోవాలంటే నమూనాను రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని శుభ్రమైన నీళ్లలో అరనిమిషం జాడించి, రెండోదాన్ని అలాగే పంపండి. కడిగినదాంట్లో ఇనుము సగానికి పడితే అది బురదే. ఎక్కువసేపు నానబెడితే పొటాష్ కూడా కారిపోతుంది, జాగ్రత్త.

పశువైద్యం_హన్మకొండ
చెరువు గడ్డిలో మాలిబ్డినం కూడా చూపించండి. తడి నేలల్లో, క్షార నేలల్లో అది గడ్డిలోకి ఎక్కువగా వస్తుంది. పొట్టలో గంధకంతో కలిసి రాగిని కట్టేస్తుంది. మాలిబ్డినంకు రాగి రెండింతలు కూడా లేకపోతే ప్రమాదం. రాగి 5 పీపీఎం అంటేనే తక్కువ, 10 దాకా కావాలి. దానిపైన మాలిబ్డినం 3 ఉంటే నల్ల బర్రె వెంట్రుక ఎర్రబారుతుంది, కంటి చుట్టూ తెల్లబడుతుంది, ఎద సరిగా రాదు. రాగి మందు సొంతంగా పోయకండి, గొర్రెల దగ్గర అసలు వద్దు. గొర్రెకు రాగి విషం చాలా తొందరగా ఎక్కుతుంది.

ఇంకోటి, చెరువు గడ్డిలో పొటాషియంకు కాల్షియం, మెగ్నీషియంల మొత్తంతో నిష్పత్తి. శాతాలను పీపీఎంలోకి మార్చి, ఒక్కోదాన్ని దాని తుల్యభారంతో భాగించాలి: పొటాషియం 27,000ను 39తో, కాల్షియం 3,100ను 20తో, మెగ్నీషియం 1,900ను 12.15తో. పొటాషియంకు వచ్చిన 692ని, మిగతా రెండింటి మొత్తం 311తో భాగిస్తే 2.2 వస్తుంది. మెగ్నీషియం లోపంతో పశువు వణికి పడిపోయే ప్రమాదానికి గీత సరిగ్గా అక్కడే గీస్తారు. బోరు గడ్డిది 0.9 మాత్రమే. చెరువు కింద మడికి పొటాష్ ఎరువు, పశువుల మూత్రం నీళ్లు ఈ ఏడాదికి ఆపేయండి. మిక్చర్‌లో మెగ్నీషియం 5 శాతం ఉన్నది తీసుకోండి.

గడ్డికోత_హుజూరాబాద్
పొటాష్ ఆపమన్నరు. చెల్కల కూడా ఆపాల్నా? నేపియర్ పొటాష్ బాగ గుంజుతదంటరు కద.

మట్టి_మాట
చెల్కలో ఆపొద్దు. ఏడాదికి 60 టన్నుల పచ్చిగడ్డి అంటే 12 టన్నుల ఎండు పదార్థం. 2 శాతం చొప్పున 240 కిలోల పొటాషియం పొలం దాటి పోతుంది. బోరు నీళ్లతో తిరిగి వచ్చేది చాలా కొంచెం. పేడ తిరిగి పొలానికి పోకపోతే రెండు మూడేళ్లలో చెల్క ఖాళీ. కానీ మొత్తం ఒకేసారి వేయకండి. నీళ్లు బాగా ఉంటే గడ్డి తనకు అవసరం లేకపోయినా పొటాష్ తాగేస్తుంది, అప్పుడు మెగ్నీషియం పడిపోతుంది. ప్రతి కోతకూ కొంచెం కొంచెం వేయాలి.

డెయిరీ_మడికొండ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. జొన్న చొప్ప కూడా ఇట్లనేనా? బోరు ఎండిపోయి ఇరవై రోజులు నీళ్లు లేక వాడిపోయింది. మొన్న వాన పడ్డది, ఇప్పుడు పచ్చగ లేస్తున్నది. కోసి ఎయ్యొచ్చా?

పశువైద్యం_హన్మకొండ
ఇప్పుడు వేయకండి. దీనికి పక్కకు ఆగి జవాబు చెప్పాలి.

వాడిన జొన్నలో రెండు విషాలుంటాయి. ఒకటి నాము, అంటే హైడ్రోసయానిక్ ఆమ్లం. లేత పిలకల్లో, వాడి మళ్లీ చిగురించిన ఆకుల్లో ఎక్కువ. రెండోది నైట్రేటు. ఎండలో మొక్క పెరగడం ఆగినా వేరు నైట్రేటు తీసుకుంటూనే ఉంటుంది, అది కాండం మొదట్లో పోగవుతుంది. వాన పడిన వెంటనే నేలలోని నైట్రేటు ఒక్కసారిగా పైకి వస్తుంది. పెరుగుదల మళ్లీ అందుకునేదాకా, కనీసం వారం, ఆ ప్రమాదం ఉంటుంది. కొత్త పిలకల నాముకు వారం చాలదు.

పిలకలు మోకాలు దాటి నడుం ఎత్తుకు వచ్చాక, వీలైతే సగం పూత మీద కోయండి. అప్పుడు కూడా కింది అడుగు మోడు పొలంలో వదిలేయండి. ఎండబెడితే నాము చాలావరకు పోతుంది, నైట్రేటు పోదు. సైలేజీ చేస్తే రెండూ తగ్గుతాయి. ఖాళీ కడుపుతో మేపొద్దు, ముందు వరిగడ్డి పెట్టండి.

తిన్న పశువు రొప్పుతూ పడిపోతే రక్తం రంగు చూడండి. ఎర్రగా మెరిస్తే నాము, చాక్లెట్ రంగైతే నైట్రేటు. మందులు వేరు: నాముకు సోడియం థయోసల్ఫేటు ప్రధానం, నైట్రేటుకు మిథిలీన్ బ్లూ. రెండూ నరంలోకి డాక్టరే ఇవ్వాలి. ఫోన్ చేసేటప్పుడే "వాడిన జొన్న తిన్నది" అని చెప్పండి, ఏ మందు తేవాలో తెలుస్తుంది.

డెయిరీ_మడికొండ
ధన్యవాదాలు సార్. ఆపేసిన.

జగిత్యాల_పాడి
మా బోరు నీళ్లు: కాల్షియం 40 మిల్లీగ్రాములు లీటరుకు, మెగ్నీషియం 24, బైకార్బొనేటు 427. మూడేళ్ల నుంచి గినీ గడ్డి ఆకు ఈనెల మధ్య పసుపు పడుతున్నది, పారిచ్చినకొద్దీ ఎక్కువైతున్నది. ఇది కూడా తడి తేడానేనా?

బోరుబావి_నర్సంపేట
ఇది తడి తేడా కాదు, నీళ్ల గుణం. ఒక్కోదాన్ని దాని తుల్యభారంతో భాగించాలె: కాల్షియం 40ని 20తో భాగిస్తే 2, మెగ్నీషియం 24ను 12తో భాగిస్తే 2, మొత్తం 4. బైకార్బొనేటు 427ను 61తో భాగిస్తే 7. 7ల నుంచి 4 తీసేస్తే మిగిలే బైకార్బొనేటు 3 యూనిట్లు. 1.25 దాక భయం లేదు, 2.5 దాటితే ఆ నీళ్లు నేలను చౌడు చేస్తయి. మిగిలిన బైకార్బొనేటు నేలల ఉన్న కాల్షియంను సున్నం చేసి గడ్డ కట్టిస్తది, సోడియం పెరుగుతది, ఇనుము, జింకు వేరుకు దొరకవు. నీళ్లు ఎంత ఎక్కువ పెడితే అంత పసుపు అందుకే.

3 నుంచి 1.25కు తేవాలంటే 1.75 తగ్గాలె. ఒక్కో యూనిట్‌కు లీటరుకు 86 మిల్లీగ్రాముల జిప్సం. ఎకరం మీద అంగుళం నీళ్లు అంటే 1,02,800 లీటర్లు, స్వచ్ఛమైన జిప్సం 15.5 కిలోలు. బజారు సరుకు 75, 80 శాతం ఉంటది కాబట్టి 20 కిలోలు. ఏడాదికి ఎన్ని అంగుళాలు పారిస్తరో లెక్కేసి, వానలకు ముందు సగం, యాసంగి తడులకు ముందు సగం చల్లి దున్నాలె. గడ్డి నిలిచి ఉంటే సాళ్ల మధ్యల పోసి గుంటక తోలాలె.

మట్టి_మాట
దానికి తోడు ఇప్పటి పసుపుకు లీటరు నీళ్లకు 2 గ్రాముల జింకు సల్ఫేటు, 5 గ్రాముల అన్నభేది (ఇనుము సల్ఫేటు), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కోతకు కనీసం రెండు వారాల ముందు ఆపాలి. లేకపోతే తర్వాతి రిపోర్టులో జింకు, ఇనుము ఆకు మీద ఉన్నవే తేలతాయి, గడ్డి లోపలివి కావు. స్ప్రింక్లర్‌తో గట్టి నీళ్లు కొట్టేవాళ్లకూ ఇదే ఇబ్బంది, ఆకు మీద తెల్ల చారలన్నీ కాల్షియం లెక్కలోకి వచ్చేస్తాయి.

జగిత్యాల_పాడి
నీళ్లల్ల ఫ్లోరైడు కూడా 1.8 ఉన్నది. గడ్డిలకు పోతదా?

పశువైద్యం_హన్మకొండ
వేరు ద్వారా గడ్డిలోకి పోయేది చాలా తక్కువ. పశువుకు ఫ్లోరైడు చేరేది ఎక్కువగా తాగే నీళ్లతో. పశువులకు లీటరుకు 2 మిల్లీగ్రాములు పై హద్దుగా చెప్తారు, మీది అంచున ఉంది. గడ్డికి బోరు నీళ్లే పారించండి, తొట్టికి మాత్రం కాలువ నీళ్లో వాన నీళ్లో దొరికినన్ని రోజులు అవి పోయండి.

చెల్క_పర్వతగిరి
అందరికీ దండాలు. రెండు గడ్లు కలిపి పెడితే ఎట్లుంటది? సగం సగం?

పశువైద్యం_హన్మకొండ
మీ దగ్గర రెండూ ఉన్నాయి కాబట్టి అదే మంచి పని. సగం సగం అయితే కాల్షియం 0.41, భాస్వరం 0.2 దగ్గర పడతాయి, పొటాష్ నిష్పత్తి కూడా 1.4కు దిగుతుంది. రాగి, జింకు లోటు మాత్రం తీరదు, మిక్చర్ తప్పదు. మొదట చాఫ్ కట్టర్‌లో రెండూ కలిపి కొట్టండి, వేరువేరుగా వేస్తే బర్రె లేతది ఏరుకుంటుంది.

చెల్క_పర్వతగిరి
చెరువు కింద ఊట ఆపడానికి ఏం చెయ్యాలె? భాస్వరం కోసం చెల్కల ఏం చెయ్యాలె?

మట్టి_మాట
వరి మడికి గడ్డికి మధ్య గట్టు వెంట అడుగున్నర లోతు కాలువ తీసి పల్లానికి వదలండి. నేపియర్ వేరు నిలువ నీళ్లలో కుళ్లుతుంది. కాలువకు పల్లం దొరకకపోతే అక్కడ నేపియర్ మానేసి పారాగడ్డి వేయండి, అది నీళ్లలో నిలబడుతుంది. అయితే మురికి నాలా నీళ్లు పారే చోట పారాగడ్డి కోయకండి, సీసం, కాడ్మియం గడ్డిలోకి వస్తాయి.

చెల్కలో డీఏపీ పైన చల్లడం ఆపండి. కోత అయిన వెంటనే సాలు పక్కన జానెడు దూరంలో నాగలితో చాలు తీసి, అరడుగు లోతున సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేసి కప్పి, అదే రోజు తడి ఇవ్వండి. అందులో గంధకం, కాల్షియం కూడా ఉంటాయి. జింకు సల్ఫేటు అదే చాలులో కలపకండి, భాస్వరంతో కలిసి రెండూ బిగుసుకుంటాయి.

తడి తేడాయా, నేల తేడాయా అన్నది తేలాలంటే చెల్కలోనే రెండేసి గుంటల మడులు రెండు విడదీయండి. ఎరువు ఒకటే, మొత్తం నీళ్లు ఒకటే. ఒకదానికి పది రోజులకు ఒకసారి, రెండోదానికి ఐదు రోజులకు సగం సగం. ఒకే రోజు కోసి, మడికి పది చోట్ల నుంచి, నేలకు జానెడు పైనుంచి తీయండి. ముక్కలు చేసి కలిపి అరకిలో తీసుకుని నీడలో ఆరబెట్టండి, జీఐ రేకు (జింకు పూత ఉన్న ఇనుప రేకు) మీద కాదు, దాని జింకు అంటుకుంటుంది. కాగితం కవరు మీద మడి పేరు, కోత వయసు, చివరి తడి తేదీ, చివరి ఎరువు తేదీ, మడికి ఎన్ని కిలోల పచ్చిగడ్డి వచ్చిందో రాయండి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఏ పరీక్ష ఎక్కడ చేస్తారో చెప్తారు. మాలిబ్డినం అన్ని చోట్లా చేయరు, ముందే అడగండి.

బోరుబావి_నర్సంపేట
వానలు పడకముందే చెయ్యు అన్నా. జూన్ల మృగశిర వాన పడితే రెండు మడులూ ఒకటైతయి.